రెండుసార్లు చూసిన ఆట

పోయిన సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా వంటింట్లో కెటిల్ ఆగింది. ఒక కప్పుకి సరిపడా నీళ్లే పోశాను. అమెరికాలో ఆదివారం రాత్రి ఆట మొదలయ్యే సమయం అది. ఆటలు జరిగే నెలల్లో ఆ సమయానికి నేను మా ఇంట్లో ఉండటం ఐదేళ్లలో అదే మొదటిసారి.

ఆరేళ్లు ఒక మాట దాచాను. దాన్ని గుండె మీద బండ అనీ, లోపలి నిప్పు అనీ చెప్పలేను. అలాంటి మాటలు నాకు నచ్చవు, పైగా అది అలా ఉండేది కాదు. పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చేది. బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చేది. గుర్తొచ్చిన ప్రతిసారీ, ఇవాళ కాదులే అనుకునేదాన్ని. బరువంటే అంతే. రోజూ ఎత్తి, రోజూ మళ్లీ అక్కడే పెట్టేది.

మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పడం తేలికనే ఇక్కడ రాస్తున్నాను, అదీ ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకున్నవాళ్ల పుస్తకాలు చాలా చదివాను. ఎక్కువమందిది ఒకే పద్ధతి. ఎంత బాగా చెప్తారంటే, చదవడం అయ్యేసరికి మనం వాళ్లని మెచ్చుకుంటూ ఉంటాం. అన్యాయం జరిగిన మనిషి ఎక్కడో మధ్య పేజీల్లో ఉండిపోతాడు. ఆ పుస్తకాల మీద నాకు కోపం. నా మీద ఉన్నంత కాకపోయినా, కోపమే.

అన్యాయం జరిగిన మనిషి పేరు మల్లేశ్. కరీంనగర్ దగ్గరివాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు. పోయిన నెల మార్కెట్ నుంచి వచ్చి, కూరగాయల సంచి కింద పెట్టి, సోఫాలో కూర్చుని, పోయాడు. గుండెపోటు అన్నారు.

మేమిద్దరం ఈ పరాయి దేశంలో, వన్-నార్త్ అనే పేటలో ఒక చిన్న కంపెనీలో పనిచేశాం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల వీడియోలు చూసి, ప్రతి ఎత్తులో, అంటే బంతి కదిలి ఆగే ప్రతిసారీ, ప్రతి ఆటగాడూ ఏం చేశాడో గుర్తులు పెట్టడం మా పని. అక్కడ ఆదివారం రాత్రి అందరూ నిద్రపోతుంటే ఇక్కడ సోమవారం పగలు. వాళ్ల కోచ్‌లు నిద్ర లేచేసరికి మా గుర్తులన్నీ వాళ్ల ముందు ఉండాలి. కాకినాడ దగ్గర పుట్టి, చెడుగుడు తప్ప ఇంకో ఆట చూడని నేను, టైట్ ఎండ్ అనే ఆటగాడి గురించి పదేళ్లుగా జీతం తీసుకుంటున్నాను.

టైట్ ఎండ్ ఎవరో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ ఆటలో బంతిని విసిరేవాడు ఒకడుంటాడు. అతన్ని పడగొట్టడానికి ఎదుటి జట్టువాళ్లు దూసుకొస్తారు. వాళ్లని ఆపడానికి ఐదుగురు భారీ మనుషులు వరసగా నిలబడతారు. ఆ వరస చివర, వాళ్లకి ఆనుకున్నంత దగ్గరగా నిలబడేవాడు టైట్ ఎండ్. మామూలుగా ఆ ఐదుగురికి విసిరిన బంతిని పట్టుకునే హక్కు లేదు. ఇతనికి ఉంది. ఆగి తోస్తాడా, పరిగెత్తి పట్టుకుంటాడా అనేది ఎదుటివాళ్లకి ముందుగా తెలియదు. వాళ్లు బరువైనవాళ్లని దింపితే వాళ్లకి అందకుండా పరిగెడతాడు. తేలికైనవాళ్లని దింపితే వాళ్లని తోసి, వెనక బంతితో వచ్చేవాడికి దారి చేస్తాడు. అందుకే ఇప్పుడు జట్లు ఒకేసారి ఇద్దరు ముగ్గురు టైట్ ఎండ్‌లని నిలబెడుతున్నాయి.

కానీ పేరు పట్టుకునేవాడికే. ఈ రోజుల్లో పేరు మోసిన టైట్ ఎండ్‌లు సగం ఆట వరసకి దూరంగా నిలబడి, బంతి కోసమే పరిగెడతారు. తొయ్యడం పాతకాలపు పని కింద లెక్క. కెమెరా బంతి వెంట పోతుంది, జనం కెమెరా వెంట పోతారు. ఎవరు ఎవరిని ఆపితే ఆ బంతి గాల్లోకి లేచిందో అడిగేవాడు ఉండడు. ఇది నాకు ఆ రోజుల్లో కోపం తెప్పించేది కాదు. మల్లేశ్‌కి తెప్పించేది.

మాకు రెండే గుర్తులు ఉండేవి. ఆగి తోస్తే బ్లాక్. పరిగెత్తితే రూట్. కానీ టైట్ ఎండ్ చేసే పని ఇంకొకటి ఉంది. పరిగెత్తబోయే ముందు, అంచు నుంచి దూసుకొచ్చేవాడిని భుజంతో ఒక్క దెబ్బ వేసి, అప్పుడు పోతాడు. అర సెకను కూడా పట్టదు. ఆ అర సెకను లేకపోతే విసిరేవాడు కింద పడి ఉండేవాడు. మా నిబంధన ప్రకారం అది రూట్, అంతే. మల్లేశ్ దాన్ని బ్లాక్ అనే పెట్టేవాడు. మీటింగుల్లో వాదించేవాడు, వాళ్లు నవ్వి వదిలేసేవాళ్లు. ఆ పనికి మా ఇద్దరి మధ్యా ఒక పేరు పెట్టాడు. భుజం. “సూడక్కా, భుజమేసి పోయిండు. ఎవ్వడన్న సూశిండా? ఒక్కడు సూడలే” అనేవాడు.

ఇంకో నిబంధన ఉంది. అసలు కథ దానిదే. ప్రతి ఆటనీ ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇద్దరి గుర్తులూ కలిస్తే అది నిజం కింద లెక్క, అలాగే అమెరికా పోతుంది. కలవకపోతే మూడో మనిషి చూసి తేలుస్తాడు. మాట్లాడుకోని ఇద్దరు ఒకే మాట చెప్తే నమ్మొచ్చు అనేదే ఆ పనిలో ఉన్న పరువు.

ఆ పరువు మేం పోగొట్టాం. నేను పోగొట్టాను.

మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున డయాలసిస్. సోమవారం మా పనికి పెద్ద రోజు. ఆ రోజు అందరం ఇళ్ల నుంచే చేసేవాళ్లం. ఒక సోమవారం ఆయనకి సెంటర్‌లో బీపీ పడిపోయింది, నేను కదల్లేకపోయాను. మల్లేశ్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పాను. తన పేరు మీద ఒకసారి చూసిన ఆటని, నా పేరు మీద ఇంకోసారి చూశాడు. తర్వాతి సోమవారం కూడా. ఆ తర్వాత నేను అడగడం మానేశాను, అతను చెయ్యడం మానలేదు. వాళ్లావిడ స్వప్న ఆ సమయానికి బ్యాంకులో ఉండేది, పాప నిహ స్కూల్లో. అతను ఎవరి కోసం ఒకే ఆటని రెండుసార్లు చూస్తున్నాడో చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

మా ఆయన జబ్బు సంగతి విని మీరు నా మీద జాలి పడుతున్నారేమో. వద్దు. సెలవు అడిగితే ఇచ్చేవాళ్లు. అడగలేదు. ఆ ఏడాది మా గుంపుకి లీడ్ పోస్టు వస్తుందని తెలుసు, సోమవారాలు రాని మనిషికి ఇవ్వరనీ తెలుసు. ఇంకా ఉంది. మా ఆడపడుచు వచ్చి రెండు నెలలు మాతో ఉంది. డయాలసిస్‌కి ఆమే తీసుకెళ్లేది. ఆ సోమవారాలు నేను ఇంట్లోనే ఉన్నాను. పడుకున్నాను. మల్లేశ్‌కి చెప్పలేదు. అతను రెండోసారి చూస్తూనే ఉన్నాడు.

నిజంగా చూసేవాడు. నేనైతే మొదటిసారి పెట్టినవే రెండోచోట దింపేసేదాన్ని. అతను మళ్లీ మొదటి ఎత్తు నుంచి చూసేవాడు. దొంగపనిని అంత నిజాయితీగా చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అది నాకు అప్పుడు తెలివితక్కువతనంలా అనిపించింది. ఫోన్లో అన్నాను కూడా.

“నా పేరు మీద అక్కడక్కడా తేడా పెట్టు మల్లేశ్. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుంది. ఆ భుజాలు నా దాంట్లో రూట్ అని వదిలెయ్.”

“బ్లాకని కండ్ల జూసి రూటని ఎట్ల పెట్టాలె అక్కా?” అన్నాడు. “నా పేరు మీదనైతే నా ఇష్టం. నీ పేరు మీద తప్పెందుకు పెడ్త?”

దొరికింది అక్కడే. అమెరికా నుంచి అడిగారు: మిగతా జంటలన్నీ రూట్ అన్నచోట ఈ ఇద్దరే బ్లాక్ అంటున్నారు, అదీ ఇద్దరూ ఒకే చోట, ఎందుకని. మాట్లాడుకోని ఇద్దరు మనుషులు ఒకే నిబంధనని ప్రతిసారీ ఒకే చోట తప్పరు కదా.

మేనేజరు నన్ను ముందు పిలిచాడు. అద్దాల గది. తలుపు వేశాడు. మర్యాదగానే అడిగాడు, మీ పాస్‌వర్డ్ మల్లేశ్‌కి తెలుసా అని. తెలుసు అన్నాను. ఎలా అన్నాడు. ఒకసారి ఇంట్లో అవసరం పడి ఇచ్చాను అన్నాను. తర్వాత మార్చలేదా అన్నాడు. మర్చిపోయాను అన్నాను.

ఈ జవాబులు చూడండి. తెలుసన్నది నిజం. అవసరం పడిందన్నది నిజం. మార్చలేదన్నది నిజం. ‘ఒకసారి’ అన్న ఒక్క మాటలో అబద్ధమంతా సర్దేశాను. ఆయన ముఖంలో ఆలోచన కదలడం చూశాను. మల్లేశ్ మీటింగుల్లో వాదించి ఓడిపోయిన మనిషి. తన మాట నెగ్గాలంటే ఇద్దరి గుర్తులూ కలవాలి, కలిస్తే మూడో మనిషి చూడడు. కాబట్టి నా పేరు మీద దొంగతనంగా దూరి, నా గుర్తులు తనకి కావలసినట్టు మార్చేశాడు. నేను చెప్పలేదు. ఆ కథ ఆయనే కట్టుకున్నాడు. కడుతుంటే కూర్చుని చూశాను. ‘కాదండీ, ఆ పని నాది, నా బదులు చేశాడు’ అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

తర్వాత మల్లేశ్‌ని పిలిచారు. రెండూ నువ్వే పెట్టావా అని అడిగారట. అవునన్నాడట. ఎందుకని అడిగితే ఏమీ చెప్పలేదట. నా ఇంటి సంగతి నేనే చెప్పుకోవాలని అనుకున్నాడు. నేను ఈపాటికి చెప్పేసి ఉంటానని కూడా అనుకున్నాడు.

సాయంత్రం రైలు స్టేషన్‌కి కలిసి నడిచాం. ఎస్కలేటర్ మీద నాకు ఒక మెట్టు కింద నిలబడ్డాడు.

“ఏమడిగిన్రు అక్కా?”

“పాస్‌వర్డ్ నీకెలా తెలుసని.”

“ఏం జెప్పినవ్?”

“ఒకసారి అవసరమై ఇచ్చానని.”

“ఒకసారి?”

నేను రైలు టైముల బోర్డు వైపు చూశాను.

“బావ ముచ్చట జెప్పలే?”

“లేదు.”

కిందికి వచ్చాం. రైలు వస్తోంది. నా వైపు తిరిగి, కోపం లేకుండా, ఏదో సామాను తెస్తావా అన్నట్టు అడిగాడు.

“రేపు జెప్తవా?”

“రేపు చెప్తాను.”

“సరే మరి. పొద్దట్నించి ఏమన్న తిన్నవా, లేదా?”

మర్నాడు మేనేజరు నన్ను మళ్లీ పిలిచాడు. చెప్పాలనే వెళ్లాను. ఇది నమ్మమని అడగను. నేను కూర్చోకముందే ఆయన, మీ తప్పేం లేదు, మీ నమ్మకాన్ని వాడుకున్నాడు, మీరు దాచకుండా చెప్పడం మంచిదైంది అన్నాడు. నేను థాంక్యూ అన్నాను.

ఆ థాంక్యూని తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం మీద నేనే చెయ్యి చేసుకోవాలనిపిస్తుంది.

మల్లేశ్ ఉద్యోగం పోయింది. దాంతో ఈ దేశంలో పని చెయ్యడానికిచ్చే అనుమతి, వర్క్ పాస్, పోయింది. స్వప్న ఉద్యోగం ఉంది కాబట్టి ఆమె పాసు మీద ఇక్కడే ఉండగలిగాడు, కానీ ఇంకో కంపెనీ పిలిచి పాసు తెస్తే తప్ప పని చెయ్యడానికి లేదు. ఈ పని చేసే కంపెనీలు ఈ ఊళ్లో ఎన్ని ఉంటాయి? ‘డేటా మార్చాడట’ అనే మాట అతని కంటే ముందు అన్ని గుమ్మాలకీ వెళ్లింది. వంట అతనిదైంది. నిహని స్కూలుకి దింపడం, తేవడం అతనిదైంది. లీడ్ పోస్టు నాదైంది. మరుసటి ఏడాది మా ఆయన పోయారు. అప్పుడు అందరికంటే ముందు వచ్చి, చివరిదాకా ఉన్నవాడు మల్లేశ్.

‘రేపు చెప్పావా’ అని అతను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్ని? ఏదో ఒక కారణం చెప్పేదాన్ని. కారణాలు చెప్పడం నాకు బాగా వచ్చు. అడగకపోవడం వల్ల ఆ ‘రేపు’ అలాగే ఉండిపోయింది. అతను మర్చిపోయాడనుకుందామని చూశాను. క్షమించాడనుకుందామని చూశాను. రెండూ నాకు అనుకూలంగా ఉన్నాయి కాబట్టే రెండిటినీ నమ్మలేకపోయాను.

మా ఆయన పోయాక సోమవారాలు ఒంటరిగా ఉండకక్కా, మా ఇంటికి రా, ఆట ఈడనే సూద్దాం అన్నాడు. వెళ్లాను. నేనుండే సెరంగూన్ నుంచి వాళ్ల హౌగాంగ్‌కి రైల్లో రెండు స్టేషన్లు. సోఫాకి ఎడమ చివర నేను లాప్‌టాప్ పెట్టుకుని. కుడి చివర అతను, ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం, ఈనెలు తీస్తూ. లీడ్‌గా, ఇద్దరి గుర్తులూ కలవనిచోట తేల్చే మూడో మనిషిని ఇప్పుడు నేను. తేలనప్పుడు స్క్రీన్ అతని వైపు తిప్పేదాన్ని. చూసి చెప్పేవాడు. అదే నా జవాబు కింద అమెరికా వెళ్లేది. చదివారా? ఎవరి కళ్లని దొంగకళ్లని వెళ్లగొట్టించానో, ఆ కళ్లనే వాడుకున్నాను. ఏళ్ల తరబడి. వాళ్ల ఇంట్లో తింటూ.

ఒక పండగ రోజు స్వప్నకి సెలవు. నా ముందే అతన్ని అంది. “ఎవలన్న జెప్పిన్రా నీకు, ఇంకోల్ల పాస్‌వర్డ్ వట్టుకోని ఆగం చెయ్‌మని? మంచి కొలువు. ఇప్పుడు జూడు, చిక్కుడుకాయలు ఒల్సుకుంట.” అతను నవ్వాడు. “చిక్కుడుకాయలు గూడ మంచిగనే ఒలుస్తున్న గదనే, గది జెప్పవేంది?” అన్నాడు. టీవీ వైపు చూస్తూ అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకుండా జాగ్రత్తపడ్డాడు. నేను పప్పు కలుపుకుంటున్నాను. కలుపుకోవడం ఆపలేదు.

రెండేళ్ల కిందట అమెరికా నుంచి కొత్త గుర్తు అడిగారు. తగిలి, తర్వాత పరిగెత్తితే దానికి వేరే గుర్తు కావాలట. అది జట్లకి చాలా ముఖ్యమట. టైట్ ఎండ్ విలువ దానితో కూడా కొలుస్తారట. లీడ్‌ని కాబట్టి ఆ నిబంధన నేనే రాశాను. మల్లేశ్ పేరు ఎక్కడా లేదు. సోమవారం వెళ్లి అతనికి చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఎంత సిగ్గులేని ఆలోచనో చూడండి. చేతిలో కాయ అలాగే పట్టుకుని, “మనం భుజమంటుంటిమి” అన్నాడు.

మనం అన్నాడు.

అతను పోయాక సెరంగూన్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాండో ఫంక్షన్ రూమ్‌లో సంతాప సభ పెట్టారు. పాత ఆఫీసు వాళ్లు వచ్చారు. మేనేజరు కూడా వచ్చాడు. మైకు తీసుకుని ఇక్కడివాళ్ల యాస ఇంగ్లీషులో మాట్లాడాడు. “హీ వాజ్ అవర్ టైట్ ఎండ్ లా. ఆల్వేస్ బ్లాక్ ఫర్ అదర్స్, నెవర్ కంప్లెయిన్ వన్.” కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఈ మనిషి వెళ్లగొట్టాడు అతన్ని. రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగి ఉంటే నిజం బయటపడేది, అడగలేదు. ఒక్క జవాబుతో కథ కట్టుకుని ఇంటికి వెళ్లి భోంచేశాడు. ఇప్పుడు ఒక మంచి పోలిక దొరికిందని వాడుకుంటున్నాడు. నెవర్ కంప్లెయిన్ అట. నోరు మూసుకుని దెబ్బలు తినేవాడిని పొగడటం ఎంత తేలిక! దెబ్బ ఎవరి బదులు తిన్నాడో అడగక్కర్లేదు. బతికుండగా లెక్కలో వెయ్యని పనిని, పోయాక పూలదండలా మెడలో వెయ్యడానికి వీళ్లెవరు? లేచి అరవాలనిపించింది. అంత కోపం వచ్చింది.

కోపం ఆయన మీద. కుర్చీలోంచి లేవనిది నేను. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది. ఆ గదిలో నిజం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె రెండో వరసలో కూర్చుని ఇంకొకరి మీద కోపపడుతోంది.

సభ అయ్యాక అక్కడి వంటింటి మూల నిహ కప్పులు కడుగుతోంది. పదిహేడేళ్లు, ఇక్కడే పెరిగింది, మాటా ఇక్కడి ఇంగ్లీషే. నేను తుడవడానికి నిలబడ్డాను.

“ఆంటీ, దట్ అంకుల్ ఈజ్ ద వన్ హూ శాక్డ్ నాన్న, రైట్?”

“అవునమ్మా.”

“దెన్ వై హీ టాక్ సో నైస్? నాన్న చీటెడ్ వాట్. ఎవ్రీబడీ నోస్ లా. అమ్మ సేస్ డోంట్ ఆస్క్, సో ఐ నెవర్ ఆస్క్.”

ఏడుస్తూ అనలేదు. తన తండ్రి పొడుగెంతో చెప్పినట్టు చెప్పింది. పదకొండేళ్లప్పుడు విన్న మాట. దాంతోనే పెరిగింది. రోజూ స్కూలు నుంచి తీసుకొచ్చే మనిషి పక్కన నడుస్తూ, ఇతను మోసం చేశాడు అనుకుంటూ పెరిగింది. అతనికి అది తెలుసా? తెలిసే ఉంటుంది.

“ఈ కప్పులు ఎక్కడ పెట్టాలి నిహా?” అన్నాను.

అదీ నా జవాబు. ఆరేళ్ల తర్వాత, అతను పోయిన తర్వాత కూడా, నా నోటికి వచ్చింది అదే.

ఆ వారమంతా నాతో నేను వాదించుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం? స్వప్నకి ఉన్న ఒక్క స్నేహితురాలు పోతుంది కదా? చనిపోయినవాడికి వినపడుతుందా? ఒక్కొక్క ప్రశ్నా ఎంత దయగా ఉందో చూస్తే అసహ్యం వేసింది. నా పిరికితనం ఎప్పుడూ ఇంకొకరి మీద దయలాగే బయటికొచ్చేది. నిజానికి లెక్క ఒకటే. ఆ పిల్లకి తన తండ్రి ఎవరో తెలియదు. నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం హౌగాంగ్ వెళ్లాను. స్వప్న బట్టలు మడత పెడుతోంది. అతని చొక్కాలు. నిహని కూడా కూర్చోమన్నాను. వరసగా చెప్పాను. డయాలసిస్, పాస్‌వర్డ్, పడుకున్న సోమవారాలు, ‘ఒకసారి’ అన్న మాట, ఎస్కలేటర్, థాంక్యూ. నా గొంతు మామూలుగానే ఉంది, అది నాకే నచ్చలేదు.

నిహ ముందు మాట్లాడింది. “సో నాన్న డిడింట్ చీట్?”

“రూల్ తప్పాడు. నా కోసం తప్పాడు. కానీ ఒక్క గుర్తు కూడా అబద్ధం పెట్టలేదు. ప్రతి ఆటా నిజంగా రెండుసార్లు చూశాడు. ఇప్పుడు అందరూ అతను పెట్టినట్టే పెడుతున్నారు.”

“దెన్ వై హీ నెవర్ సే? ఈవెన్ టు మీ?”

“నేను చెప్తానన్నాను. రేపు చెప్తానన్నాను. అందుకు.”

ఆ పిల్ల లేచి గదిలోకి వెళ్లింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. మెల్లగా వేసింది.

స్వప్న చేతిలో చొక్కా సగం మడతలో ఉంది. “ఆరేండ్లు, అక్కా,” అంది. “ఆయన్ని నేను ఎన్ని మాటలన్నని! నీ ముంగట్నే అన్న. నువ్వు అన్నం తినుకుంట ఇన్నవ్.”

నేను క్షమించమని కూడా అనలేదు. ఆ మాట అంటే ఆమె ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది. నాకోసం ఆమె ఇంకో పని ఎందుకు చెయ్యాలి?

వంటింట్లోకి వెళ్లి నా స్టీలు డబ్బా తెచ్చింది. ఎప్పుడో నేను పులిహోర పెట్టి ఇచ్చినది. కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. నా చేతికి ఇచ్చింది. “ఇగ రాకు” అంది.

ఆ రాత్రే మేనేజరుకి రాశాను. జరిగినదంతా, పేర్లతో. పొద్దునకల్లా జవాబు వచ్చింది. పోయిన మనిషి సంగతి ఇప్పుడు మళ్లీ తవ్వడం ఎందుకు, కుటుంబానికి బాధ కదా అన్నాడు. మైకు పట్టుకుని పొగడటానికి పోయిన మనిషి పనికొచ్చాడు. పేరు సరిచెయ్యడానికి పనికిరాలేదు. అతన్ని తీసేసినప్పుడు ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ పంపారు. ఇప్పుడు అందరికీ ఇంకొకటి పంపండి అని మళ్లీ రాశాను. దానికి ఇంకా జవాబు లేదు. వచ్చేదాకా రాస్తాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అది నేను భయపడవలసిన విషయాల్లో చివరిది, ఆరేళ్ల కిందటే చివరిది కావలసింది.

ఇది రాశాక నేను మంచిదాన్ని కాలేదు. స్వప్న అన్న మాటలు వెనక్కి రావు. నిహ తండ్రి పక్కన నడిచిన ఆరేళ్లూ వెనక్కి రావు. ఒక్కటే జరిగింది. ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టింది. చాలా కాలం తర్వాత, తెల్లవారేదాకా పట్టింది. అందుకు సిగ్గుపడుతున్నాను. అయినా పట్టింది, అదీ చెప్పాలి.

పొద్దున ఒక కప్పుకి నీళ్లు పోశాను. తొమ్మిదీ ఇరవైకి కెటిల్ ఆగింది. స్టీలు డబ్బా ఇంకా గట్టు మీదే ఉంది.

సోమవారాలు ఇప్పుడు నేను హౌగాంగ్ వెళ్లడం లేదు.